ముసుగు అదే, మనిషి కొత్త: వారసుల సూపర్‌హీరో కామిక్స్ మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

స్పైడర్‌మ్యాన్ అనగానే నలభై దాటినవాళ్లకు పీటర్ పార్కర్ గుర్తొస్తాడు. ఇప్పుడు ఏడో తరగతి చదివే పిల్లలు చాలామందికి మైల్స్ మొరాలెస్ గుర్తొస్తాడు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఈ రెండు తరాలూ "అసలు స్పైడర్‌మ్యాన్ ఎవరు" అని వాదించుకోవడం మామూలే. వాదన ముదిరాక ఎవరో ఒకరు పుస్తకం కొందామంటారు. కొంటారు. నాలుగు పేజీలు తిప్పేసరికి తలాతోకా అంతుపట్టదు. ఎవరో చచ్చిపోయారు, అందరూ ఏడుస్తున్నారు, ఈ కొత్త కుర్రాడెవరో చెప్పే దిక్కులేదు. పుస్తకం మూలకు చేరుతుంది.

అలా మూలకు చేరకూడదనే ఇది రాస్తున్నాను. ఏళ్ల తరబడి నడుస్తున్న సిరీస్‌ని కొత్త హీరో అందుకున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి, పాతది ఎంత చదవాలి, బెంగళూరులో పుస్తకం ఎలా చూసి కొనాలి, చదువుతూ ఏం గమనించాలి, ఇవన్నీ వరసగా చెబుతాను. నా నమ్మకం మాత్రం ముందే చెప్పేస్తాను. వారసుడు డ్రెస్సు వేసుకున్న సంచికను చూసి అతన్ని అంచనా వేయలేం. పాత హీరో లేని లోటు ఆ కథలో ఎంత తెలుస్తోంది, ఆ పాత హీరోయే ఎదురుపడ్డ రోజున ఇతను ఏం చేశాడు, ఈ రెండు చోట్లా అతని సత్తా బయటపడుతుంది. కింది అడుగులన్నీ ఆ రెండు చోట్లకీ దారి చూపేవే.

మొదటి అడుగు: గద్దె ఎలా ఖాళీ అయిందో తెలుసుకోండి

పుస్తకం తెరవకముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది. పాత హీరో పోయాడా, తప్పుకున్నాడా, తప్పించారా? దీన్ని బట్టి తర్వాతి కథంతా మారిపోతుంది.

రామాయణంలో భరతుడు పాదుకలు పెట్టి పద్నాలుగేళ్లు రాజ్యం నడిపాడు, తాను రాజునని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు. కామిక్స్‌లో ఈ రకం వారసులు చాలామంది. 1983లో ఐరన్ మ్యాన్ 170వ సంచిక దగ్గర టోనీ స్టార్క్ తాగుడుకి బానిసై పడిపోతే అతని స్నేహితుడు జేమ్స్ రోడ్స్ కవచం తొడుక్కున్నాడు. 1985లో 200వ సంచికకి టోనీ తిరిగొచ్చాడు. మధ్యలో రోడ్స్‌కి విపరీతమైన తలనొప్పులు వచ్చేవి. శిరస్త్రాణం టోనీ మెదడుకి తగ్గట్టు తయారైంది కదా, అందుకేనేమో అనుకుంటారు. చివరికి తేలేదేమిటంటే ఆ నొప్పి యంత్రంలో లేదు. ఈ కవచం నాది కాదు, దీనికి నేను తగను అన్న అపరాధభావం అతని తలలో కూర్చుంది. పాదుకల కథని ఇంతకంటే బాగా చెప్పిన సూపర్‌హీరో కామిక్ నేను చదవలేదు.

రెండో రకం పైవాళ్లు నియమించిన వారసుడు. 1987లో స్టీవ్ రోజర్స్ ప్రభుత్వం మాట వినేది లేదని కెప్టెన్ అమెరికా డాలు అప్పగించేస్తే, ప్రభుత్వ కమిషన్ దాన్ని జాన్ వాకర్‌కి ఇచ్చింది. 333వ సంచికలో అతను రంగంలోకి దిగాడు. బలంలో స్టీవ్‌ని మించినవాడే, నిగ్రహమే లేదు. పాఠకుడిగా మీరు అతన్ని ఇష్టపడాలో భయపడాలో తేల్చుకోలేని స్థితిలో ఉంచడమే రచయిత మార్క్ గ్రూయెన్‌వాల్డ్ ఉద్దేశం.

మూడో రకం గద్దె లాక్కున్నవాడు. 2012 డిసెంబరులో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 700వ సంచిక నాటికే పీటర్ శత్రువు డాక్టర్ ఆక్టోపస్ అతని శరీరంలోకి దూరి, ఆ తర్వాత ఏడాదికి పైగా సుపీరియర్ స్పైడర్‌మ్యాన్ పేరుతో కథ నడిపాడు. ఇది పిల్లలకి మొదటి పుస్తకంగా ఇవ్వొద్దు. పీటర్‌ని బాగా ఎరిగినవాళ్లకే ఇందులోని గగుర్పాటు అందుతుంది.

నాలుగో రకం శిష్యుడు. మెరుపు వేగంతో పరిగెత్తే హీరో ఫ్లాష్ కథలో, ఆ పేరున్న బ్యారీ అలెన్ దగ్గర కిడ్ ఫ్లాష్‌గా పెరిగిన వాలీ వెస్ట్ ఈ కోవలోవాడు. ఐదో రకం ఎక్కడి నుంచో వచ్చిన కొత్తవాడు. పాత హీరోతో చుట్టరికం లేదు, శిష్యరికం లేదు. మైల్స్ మొరాలెస్, కమలా ఖాన్, గ్రీన్ లాంటర్న్ కైల్ రేనర్ ఇలాంటివాళ్లు. నా దృష్టిలో అసలైన కష్టం వీళ్లదే. శిష్యుడికి కనీసం గురువు జ్ఞాపకాలుంటాయి, వీళ్లకి పేరు తప్ప ఏమీ దక్కదు.

వీటన్నిటికీ భిన్నంగా ఫాంటమ్ ఉన్నాడు. లీ ఫాక్ 1936లో మొదలుపెట్టిన ఆ కథలో మనం చూసే ఫాంటమ్ 21వ తరంవాడు. తండ్రి పోగానే కొడుకు ముసుగు తొడుక్కుంటాడు, మనిషి మారినట్టు లోకానికి తెలియదు. 1964లో ఇంద్రజాల్ కామిక్స్ ఇతనితోనే మొదలైంది కాబట్టి మన దేశంలో చాలామంది పాఠకులకు వారసత్వ హీరో అన్న ఊహ కొత్తదేం కాదు. అమెరికన్ సూపర్‌హీరో కథల్లో కొత్తదనమల్లా, మనిషి మారాడని అందరికీ తెలిసిపోవడం, తెలిసినవాళ్లంతా తలో మాటా అనడం.

ఇక్కడ ఒక జాగ్రత్త. వేరే లోకపు రూపం వేరు, వారసుడు వేరు. 2004లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ ఇండియాలోని పవిత్ర్ ప్రభాకర్ ముంబయి కుర్రాడు. అతను ఎవరి స్థానంలోకీ రాలేదు, ఆ లోకంలో మొదటి స్పైడర్‌మ్యాన్ అతనే. అలాంటి పుస్తకాలకి ఈ మార్గదర్శి అక్కర్లేదు, నేరుగా చదువుకోవచ్చు.

రెండో అడుగు: ఒక్కరినే ఎంచుకోండి

ఉత్సాహం కొద్దీ నలుగురి పుస్తకాలూ కొనేసి ఏదీ పూర్తి చేయనివాళ్లని చూస్తుంటాను. ఒక వారసుడిని పట్టుకోండి, ఆ కథ చివరిదాకా వెళ్లండి.

పన్నెండేళ్ల వయసువాళ్లకి, అసలు కామిక్సే ఎరగని పెద్దవాళ్లకి నా సలహా కమలా ఖాన్. జి. విల్లో విల్సన్ రచన, ఏడ్రియన్ అల్ఫోనా బొమ్మలు. మిస్ మార్వెల్ పేరుతో 2014 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి సంకలనం నో నార్మల్‌కి 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. జెర్సీ సిటీలో పాకిస్తాన్ నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబం. రాత్రి పార్టీకి వెళ్తానంటే వద్దనే నాన్న, అడుగడుగునా అమ్మ నిఘా, ఇవి మన ఇళ్లలో పిల్లలకి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

హైస్కూలు పిల్లలకి మైల్స్. ఇంట్లో ఎవరి జబ్బునైనా దగ్గరుండి చూసిన పెద్దలకి జేన్ ఫాస్టర్ థోర్. అది 2014 అక్టోబరులో మొదలైంది, జేసన్ ఆరన్ రాశాడు. ఓపికున్న పాఠకులకి వాలీ వెస్ట్. నాకు అందరికంటే ఇష్టమైనవాడు వాలీయే, అందుకే అతని గురించి కింద ఎక్కువ చెబుతాను.

మూడో అడుగు: పాతది ఎంత చదవాలో గీత గీసుకోండి

"మొత్తం చదివితేగానీ అర్థం కాదు" అనే మాట నమ్మకండి. ఆ మాట విని వెనక్కి తగ్గిన పాఠకులు చాలామంది. పాత హీరోవి రెండే కథలు కావాలి. అతను హీరో అయిన కథ ఒకటి, అతను వెళ్లిపోయిన కథ ఒకటి. మధ్యలోవి తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

మైల్స్ కోసమైతే 1962లో అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలో వచ్చిన పీటర్ తొలి కథ చదవండి. అది 11 పేజీలే. ఆ తర్వాత 2011లో అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ 160వ సంచికతో ముగిసే పీటర్ మరణం చదవండి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. చనిపోయిన ఈ పీటర్, 2000లో విడిగా మొదలైన అల్టిమేట్ వరసలోని పీటర్. 1962 నుంచి నడుస్తున్న అసలు వరసలో పీటర్ బతికే ఉన్నాడు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

వాలీ కోసం 1956 నాటి షోకేస్ 4వ సంచిక చూడండి. పోలీసు ప్రయోగశాలలో పనిచేసే బ్యారీ మీద మెరుపు, రసాయనాలు కలిసి పడే కథ అది. అందులో చిన్న ముచ్చట ఉంది. పిడుగు పడకముందు బ్యారీ తాపీగా చదువుకుంటున్నది 1940 నాటి పాత ఫ్లాష్ జే గ్యారిక్ కామిక్. అంటే బ్యారీ కూడా వారసుడే. తర్వాత 1985లో వచ్చిన క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ 8వ సంచికలో బ్యారీ లోకాల్ని కాపాడుతూ పరిగెత్తి పరిగెత్తి ప్రాణం వదులుతాడు. అదే సిరీస్ ఆఖరి సంచికలో వాలీ గురువు డ్రెస్సు వేసుకుంటాడు. ఈ మూడూ చాలు.

కమలాకైతే ఏమీ అక్కర్లేదు. కెరొల్ డాన్వర్స్ అనే ఆవిడ 2012లో మిస్ మార్వెల్ పేరు వదిలి కెప్టెన్ మార్వెల్ అయ్యిందని, కమలా ఆవిడకి వీరాభిమాని అని తెలిస్తే చాలు.

తేదీల విషయంలో ఒక మాట. అమెరికన్ కామిక్స్ అట్ట మీద నెల, అది అమ్మకానికి వచ్చిన నెల ఒకటి కావు. 1941 మార్చి అని ముద్రించిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక 1940 డిసెంబరులోనే దుకాణాలకొచ్చింది. అందుకే ఒకే సంచికకి రెండు చోట్ల రెండు నెలలు కనిపిస్తే కంగారుపడొద్దు. వరస తెలియాలంటే సంచిక సంఖ్యనే నమ్ముకోండి.

నాలుగో అడుగు: చర్చ్ స్ట్రీట్‌లో పుస్తకం చేతికి తీసుకుని చూడండి

మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా వచ్చాక మన వైపు నుంచి వెళ్లడం తేలికైంది. ఎం.జి.రోడ్ స్టేషన్‌లో దిగితే చర్చ్ స్ట్రీట్ నాలుగడుగులు. బ్లాసమ్ బుక్ హౌస్, బుక్‌వార్మ్ రెండూ అక్కడే. కొత్తవీ, ఒకరు చదివి అమ్మినవీ రెండూ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కొనొచ్చు కదా అంటారు. కొనొచ్చు. మొదటి పుస్తకం మాత్రం చేత్తో పట్టుకుని చూసే కొనమంటాను. ఎందుకో మా అక్క కూతురితో జరిగిన మాటలు చెబితే అర్థమవుతుంది. మైల్స్ పుస్తకం ఒకటి లాగి నా చేతిలో పెట్టింది.

"మావయ్యా, ఇదే ఫస్ట్ పార్ట్. పక్కన 1 అని ఉంది చూడు."

"లోపల ఏ సంవత్సరం వేశారో చూడమ్మా."

"2018."

"మైల్స్ వచ్చిందెప్పుడు?"

"2011 అన్నావుగా."

"మరి మధ్యలో ఏడేళ్ల కథ ఏమైనట్టు?"

ఆ పిల్ల కాసేపు పుస్తకం వైపు, కాసేపు అల్మారా వైపు చూసి, "అయితే ఇంకో ఒకటి ఉందా?" అంది.

ఒకటి కాదు, చాలా ఉన్నాయి. మైల్స్ సిరీస్ 2011లో 1వ సంచికతో మొదలైంది. 2014లో మళ్లీ 1, 2016లో మళ్లీ 1, 2018లో మళ్లీ 1, 2022లో మళ్లీ 1. కొత్త పాఠకులు ధైర్యంగా కొంటారని ప్రచురణకర్తలు ఇలా అంకె మొదటికి తెస్తుంటారు. కొత్త పాఠకుడిని ఎక్కువగా దారితప్పించేది కూడా ఇదే. కాబట్టి పుస్తకం వెన్ను మీద అంకె చూసి ఆగకండి. మొదటి పేజీల్లో కాపీరైట్ వివరాల దగ్గర సన్నటి అక్షరాల్లో ఈ సంకలనంలో ఏ సిరీస్, ఏ సంచికల నుంచి ఏ సంచికల దాకా ఉన్నాయో రాసి ఉంటుంది. సిరీస్ పేరు, సంవత్సరం, సంచికల సంఖ్యలు, ఈ మూడూ మీ దగ్గరున్న జాబితాతో సరిపోతేనే కొనండి. చిన్న అక్షరాలు కనబడకపోతే ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకోండి.

ఏ రూపంలో కొనాలన్నది మీ ఓపికని బట్టి. విడి సంచికలో కథ ఇరవై పేజీల చిల్లర, వారసుడి కథ అలా ముక్కలుగా చదివితే ఆనదు. ఐదారు సంచికలు కలిపిన పేపర్‌బ్యాక్ సంకలనం మొదటి కొనుగోలుకి సరైనది. ఓమ్నిబస్ అనే లావుపాటి అట్ట పుస్తకం చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు పడుకుని చదవాలంటే బరువు. అది బాగా నచ్చిన కథకి, రెండోసారి కొనేటప్పుడు.

వాడిన పుస్తకాలైతే మధ్య పేజీలు ఊడాయేమో తప్పకుండా తిప్పి చూడండి. ఏటా జరిగే బెంగళూరు కామిక్ కాన్‌కి వెళ్తే అక్కడ కూడా ఈ జాబితా దగ్గరుంచుకోండి. వైట్‌ఫీల్డ్ కేటీపీఓలో చాలాసార్లు జరిగింది, మనకి దగ్గరే. అక్కడి సందడిలో జాబితా లేకుండా కొంటే అట్టమీది బొమ్మ చూసి కొనేస్తాం. పుస్తకాలు దొరకనప్పుడు మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో చదవొచ్చు. అందులో వెతికేటప్పుడు కూడా పేరు పక్కన బ్రాకెట్లో ఉండే సంవత్సరమే మీకు దారి చూపేది.

ఐదో అడుగు: చదువుతూ ఈ నాలుగూ గమనించండి

ముందుగా డ్రెస్సు. వారసుడు పాత డ్రెస్సులో ఎంతసేపు ఉన్నాడు, ఎప్పుడు వదిలాడు, ఎందుకు వదిలాడు? కమలా కథలో ఇది అద్భుతంగా ఉంటుంది. మంచు కమ్మిన రాత్రి ఆమెకి శక్తులొచ్చేసరికి తాను ఆరాధించే కెరొల్‌లా మారిపోతుంది. బంగారు రంగు జుట్టు, పొడవాటి బూట్లు, ఒంటికి అతుక్కున్న నల్ల డ్రెస్సు. కలలో కోరుకున్నదే. తీరా చూస్తే జుట్టు కళ్లలో పడుతోంది, బూట్లు నొక్కుతున్నాయి, డ్రెస్సు ఇబ్బందిపెడుతోంది. అల్ఫోనా ఆ ముఖంలో గర్వం గీయలేదు, అసౌకర్యం గీశాడు. తర్వాత ఆమె ఈత కోసం కొనుక్కున్న, ఒళ్లంతా కప్పే బుర్కినీతో సొంత డ్రెస్సు తయారుచేసుకుంటుంది. ఇంకొకరి పేరు ఉంచుకుని ఇంకొకరి ఒళ్లు వదిలేయడం, ఆ పుస్తకం సారమంతా ఈ మార్పులోనే ఉంది.

రెండోది శక్తి. మంచి రచయిత వారసుడికి పాత హీరో కంటే తక్కువ శక్తి ఇస్తాడు, లేదా వేరే శక్తి ఇస్తాడు. బ్యారీ కాంతి వేగాన్ని అందుకున్నవాడు. 1987లో సొంత సిరీస్ మొదలయ్యేసరికి వాలీ ధ్వని వేగం దగ్గరే ఆగిపోయేవాడు. పరిగెత్తాక బండెడు తినాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. ఆ సిరీస్ 1వ సంచికలో మార్పిడి చికిత్స కోసం ఒక గుండెని దేశం ఆ చివరున్న సియాటిల్‌కి చేర్చమని అతన్ని అడుగుతారు. వాలీ ఊరికే చేయనంటాడు, ఆరోగ్య బీమా కావాలంటాడు. అప్పుడతనికి ఇరవయ్యేళ్లు. బ్యారీ అయితే మారుమాట్లాడకుండా పరిగెత్తేవాడని మనకి తెలుసు, ఆ విషయం వాలీకీ తెలుసు. రచయిత మైక్ బారన్ వారసుడిని ఇంత మామూలు మనిషిగా మొదలుపెట్టడం అప్పట్లో చాలామందికి రుచించి ఉండదు. నాకు మాత్రం ఆ తర్వాత వచ్చిన గొప్ప సంచికలన్నిటికీ పునాది అక్కడే కనిపిస్తుంది. ఎదగడానికి చోటున్నవాడే వారసుడవుతాడు.

మూడోది అప్పు. వారసుడు పాత హీరోకి ఏం బాకీపడ్డాడో కథ చెప్పాలి. మైల్స్‌కి సాలీడు కుట్టింది పీటర్ చనిపోకముందే. శక్తి ఉన్నా దాచుకున్నాడు. గాబ్లిన్ అనే విలన్‌తో పోరాడి పీటర్ పోయాక, నేను ముందే బయటికొచ్చి ఉంటే అతను బతికేవాడేమో అన్న ఆలోచన ఆ పిల్లాడిని వదలదు. 1962 పీటర్‌కి బాబాయి బెన్ విషయంలో ఉన్న బాధ, ఇక్కడ మైల్స్‌కి పీటర్ విషయంలో ఉంది. మైల్స్ కథ రాసిన బెండిస్ నేర్పు ఇదే. పాత కథలోని ముల్లుని తీసి కొత్త గుండెలో గుచ్చాడు. పీటర్ వెబ్‌షూటర్లు, అంటే సాలీడు దారం చిమ్మే పరికరాలు, అతన్ని పెంచిన ఆంట్ మే స్వయంగా మైల్స్ చేతికిచ్చే ఘట్టం దగ్గర నెమ్మదిగా చదవండి. ఈ అప్పు సంగతి తెలియకుండా ఆ పేజీ చూస్తే అది వస్తువులు అందించడంగానే కనిపిస్తుంది.

నాలుగోది చుట్టూ ఉన్నవాళ్లు. వారసుడిని గట్టిపరచడం కోసం పక్కవాళ్లని బలిచేసే కథల విషయంలో నాకు రాజీ లేదు. 1994లో కైల్ రేనర్ గ్రీన్ లాంటర్న్ అయిన కొద్ది సంచికలకే, 54వ సంచికలో, అతని స్నేహితురాలు అలెగ్జాండ్రాని విలన్ చంపి ఫ్రిజ్‌లో కుక్కుతాడు. ఆ పిల్ల కథ మొదలవకముందే ముగిసింది. మగ హీరో కోపం కోసం ఆడ పాత్రల్ని ఇలా వాడుకోవడం మీద గెయిల్ సిమోన్ 1999లో జాబితా తయారుచేసింది, ఆ చర్చకి పేరు ఈ ఫ్రిజ్ నుంచే వచ్చింది. కైల్ పుస్తకాలు పిల్లలకి ఇచ్చే ముందు ఆ సంచిక మీరు చదవండి.

ఆరో అడుగు: రెండు సంకలనాల దాకా తీర్పు చెప్పకండి

సినిమా వారసుడి మొదటి ఆటకి వెళ్లినవాళ్లు తెర మీద తాతగారి నడక వెతుక్కుంటారు, కుర్రాడి నడక చూడరు. కామిక్స్ పాఠకులూ అంతే. ఈ తొందర ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి జేసన్ టాడ్ ఉన్నాడు. బ్యాట్‌మ్యాన్ పక్కనుండే కుర్ర హీరో పేరు రాబిన్; డిక్ గ్రేసన్ తర్వాత రెండో రాబిన్ ఇతను. 1983లో వచ్చాడు, 1987లో అతని కథని మొదటి నుంచి మార్చి రాశారు. బ్యాట్‌మొబైల్ టైర్లు దొంగిలిస్తూ బ్యాట్‌మ్యాన్ కంటపడ్డ వీధి పిల్లాడయ్యాడు. పాఠకులకి నచ్చలేదు. 1988లో డీసీ కామిక్స్ అతన్ని బతికించాలా చంపాలా అని టెలిఫోన్ ఓటింగ్ పెట్టింది. బతకాలన్నవి 5,271. చావాలన్నవి 5,343. తేడా 72. జోకర్ చేతిలో ఆ పిల్లాడు పోయాడు.

తర్వాత 1989లో వచ్చిన టిమ్ డ్రేక్‌ని మాత్రం పాఠకులు దగ్గరికి తీసుకున్నారు. అతను రాబిన్ అవుతానని రాలేదు. బ్యాట్‌మ్యాన్ ఎవరో తనంతట తాను కనిపెట్టి, జేసన్ పోయాక ఆయన దారి తప్పుతున్నాడని గమనించి, ఆయనకి పక్కన రాబిన్ ఉండాలని చెప్పడానికి వచ్చాడు. లోటుని గుర్తించినవాడిగా అడుగుపెట్టాడు కాబట్టే అతనికి చోటు దొరికింది. మీరు చదివే వారసుడు మొదటి రెండు సంకలనాల్లో ఈ పని చేశాడా అని చూడండి. చేయకపోతే పుస్తకం పక్కన పెట్టేయడానికి మొహమాటపడక్కర్లేదు.

ఏడో అడుగు: పాత హీరో ఎదురుపడే కథ దాకా వెళ్లండి

చాలామంది మొదటి సంకలనంతో ఆపేస్తారు. అసలు పరీక్ష చూడకుండానే వెళ్లిపోతారు.

మైల్స్‌కి ఆ పరీక్ష 2012లో వచ్చిన స్పైడర్‌మెన్ అనే ఐదు సంచికల కథ. వేరే లోకంలో బతికే ఉన్న పీటర్, మైల్స్ లోకంలోకి వచ్చిపడతాడు. ఆ ఊళ్లో తాను చనిపోయానని పీటర్‌కి తెలియడం, చనిపోయిన కొడుకు లాంటివాడు గుమ్మంలో నిలబడితే ఆంట్ మే చూడటం. కొట్లాటలు పైపైన చదివినా ఫర్వాలేదు, ఆ గుమ్మం దగ్గరి పేజీలు వదలొద్దు.

జాన్ వాకర్‌కి ఆ రోజు కెప్టెన్ అమెరికా 350వ సంచికలో వస్తుంది. స్టీవ్, వాకర్ ముఖాముఖి. ఆ మధ్యలో వాకర్ తల్లిదండ్రులు హత్యకి గురవుతారు, అతను అదుపు తప్పుతాడు. అది చదివాక డాలు చేతులు మారే పేజీకి వస్తే అతని మీద కోపం ఉండదు, జాలి ఉంటుంది.

జేన్ ఫాస్టర్ కథ వేరే దారిలో నడుస్తుంది. పాత థోర్ ఎక్కడికీ పోలేదు, సుత్తి ఎత్తే అర్హత పోగొట్టుకుని పక్కనే ఉన్నాడు. కొత్త థోర్ ఎవరో ఎనిమిది సంచికల దాకా మనకి చెప్పరు. ముసుగు తీశాక తెలుస్తుంది, ఆమె కేన్సర్ రోగి. సుత్తి పట్టుకున్న ప్రతిసారీ శరీరంలోని కీమోథెరపీ మందు కడిగినట్టు పోతుంది. అంటే ఊరిని కాపాడిన ప్రతిసారీ తన చావుకి తాను దగ్గరవుతోంది. 2018లో మైటీ థోర్ 705వ సంచికలో మాంగాగ్ అనే రాక్షసుడిని గొలుసులతో సుత్తికి కట్టి సూర్యుడిలోకి విసిరేస్తుంది. ఆ తర్వాతి సంచిక కూడా వెంటనే చదవండి, ఈ రెండిటినీ విడదీయకూడదు. పాత థోర్ ఆమె పక్కన ఎలా నిలబడ్డాడో అందులో ఉంది. పేరు ఇచ్చేసినవాడు పేరు తీసుకున్నామెని ఇంతగా గౌరవించిన కథలు సూపర్‌హీరో కామిక్స్‌లో తక్కువ.

ఇక వాలీ. ఈ అడుగు కోసం ఒకే ఒక్క పుస్తకం కొంటానంటే నేను చెప్పేది ఫ్లాష్ 74 నుంచి 79 దాకా సంచికలు కలిపిన ది రిటర్న్ ఆఫ్ బ్యారీ అలెన్. 1993లో మార్క్ వెయిడ్ రాశాడు. గురువు పోయిన ఇన్నేళ్లకి బ్యారీ గుమ్మంలో నిలబడతాడు. ఊరంతా పండగ చేసుకుంటుంది. వాలీ కూడా సంతోషిస్తాడు, ఆ సంతోషం అడుగున చిన్న భయం, ఇక నేనెందుకు అని. కొన్నాళ్లకి బ్యారీ ప్రవర్తనలో ఏదో తేడా కనిపిస్తుంది. వాలీ ఇంతకాలం వేగంగా పరిగెత్తలేకపోయింది కాళ్లలో బలం లేక కాదని, బ్యారీని మించిపోతే బ్యారీ స్థానం నిజంగా ఖాళీ అయిపోతుందన్న భయంతోనని ఈ కథ తేలుస్తుంది. రోడ్స్ తలనొప్పికీ, వాలీ కాళ్లకీ పట్టుకున్నది ఒకే జబ్బు. ఇంతకుమించి చెబితే మీ అనుభవం పాడవుతుంది.

అసలు బ్యారీ 2008లో ఫైనల్ క్రైసిస్ నాటికి నిజంగానే తిరిగొచ్చాడు, అంటే దాదాపు 23 ఏళ్ల తర్వాత. ఆ పుస్తకాలు ఇప్పుడే ముట్టుకోవద్దు, వాలీ కథ పూర్తయ్యాకే. ముందు 1987 మొదటి సంచికలు కొన్ని, తర్వాత 62 నుంచి 65 దాకా ఉన్న బాల్యపు కథ, ఆ తర్వాత 74 నుంచి 79. ఈ చివరి ఆరు సంచికలు ఒకే రోజు చదివేలా తీరిక చూసుకోండి. పిల్లలకి ఇచ్చేటప్పుడు వెనక అట్ట, ముందుమాట కథ అయ్యాకే చదవమనండి. ఆ బ్యారీ గురించి వాళ్లకి ముందుగా ఎవరూ చెప్పకుండా చూసుకోండి.